సాక్ష్యం చెప్పాక మళ్ళీ మొలిచినవి

మా చర్చిలో ఒక పద్ధతి ఉండేది. జబ్బు చేసి లేచినవాళ్ళు, బస్సు బోల్తా పడితే బతికి బయటపడ్డవాళ్ళు, పరీక్ష గట్టెక్కినవాళ్ళు, ఎవరైనా సరే, ఆదివారం ఆరాధనలో అందరి ముందూ నిలబడి దేవుడు తమకు చేసిన మేలు చెప్పాలి. దాన్నే సాక్ష్యం అంటారు. చెప్పకపోతే కృతఘ్నులంటారు. చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవలసి వస్తే ఏమంటారో మాత్రం తొంభైల దాకా నాకు తెలియదు. నా పేగుల పుణ్యమా అని తెలిసింది.

అప్పుడు నేను ఉదయగిరిలో ఎలిమెంటరీ స్కూలు టీచర్ని. మా ఆయన బస్సు కండక్టరు. అమ్మ ఆత్మకూరులో బైబిలు స్త్రీ. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించడం, జబ్బుపడ్డవాళ్ళ పక్కన కూర్చుని ప్రార్థన చేయడం ఆమె పని. శనివారం బడి వదలగానే మేం బస్సెక్కి అమ్మ దగ్గరికి పోయేవాళ్ళం. ఆదివారం చర్చి చూసుకుని తిరిగి ఉదయగిరి చేరేవాళ్ళం.

దొడ్డికి పోయినప్పుడు నెత్తురు చూసుకుని మొదట మూలశంక అనుకున్నాను. మా స్కూల్లో సగం మందికి ఉన్న జబ్బే కదా అని కందగడ్డ కూర తిన్నాను, మజ్జిగ తాగాను, కారం మానేశాను. కారం మానేశాక నెల్లూరు మనిషికి బతుకులో ఇంకేం మిగులుతుంది! అయినా నెత్తురు ఆగలేదు. అప్పుడు భయం పట్టుకుంది. నెత్తురుని చూసి కాదు, అవ్వ గుర్తొచ్చి.

అవ్వంటే అమ్మను కన్నతల్లి. నేను హైస్కూల్లో ఉండగా పోయింది. ఎన్నాళ్ళ నుంచి నెత్తురు పడుతోందో ఆమె ఎవరికీ చెప్పలేదు. గుడ్డలు ఒకరి కంట పడకుండా ఉతుక్కుని, వాటి మీద చీర కప్పి ఆరేసుకునేది. పొట్ట ఉబ్బి, కాళ్ళూ చేతులూ పుల్లలైపోయి మంచాన పడ్డాక, "కడుపులో ఎవురో కూర్చోనుండారు, లేవమంటే లేవడంలా" అని మూలిగేది. ఒళ్ళు తుడవడం, గుడ్డలు మార్చడం అంతా అమ్మే చేసింది. ఆ గది వాసన నాకింకా ముక్కులోనే ఉంది. అమ్మకూ ఉండే ఉంటుంది. కానీ ఆ గది మాట మేమిద్దరం ఎప్పుడూ ఎత్తుకోలేదు.

నెల్లూరు డాక్టరు మద్రాసు పొమ్మన్నాడు. అక్కడ పొట్ట ఖాళీ అయ్యేదాకా ఏవేవో నీళ్ళు తాగించి, వెనకనుంచి సన్నటి గొట్టం పంపి పేగంతా చూశారు. డాక్టరు తెలుగువాడే. "పేగు లోపలి గోడకు పులిపిర్లలాంటివి మొలిచాయమ్మా. ఇవి ఇంకా క్యాన్సరు కాదు. వదిలేస్తే అయ్యే రకం" అన్నాడు. ఆ గొట్టంలోంచే తీగ ఉచ్చు వేసి, కరెంటుతో కోసి తీసేశాడు. పొట్ట మీద కత్తిగాటైనా లేదు. వచ్చేటప్పుడు మాత్రం గట్టిగా చెప్పాడు. "తీసేశాం కదా అని మర్చిపోవద్దు. ఇవి మళ్ళీ మొలుస్తాయి. ఏడాది తిరిగేసరికి వచ్చి చూపించుకోవాలి."

ఇంటికొచ్చి చెబితే అమ్మ మొదటి సగమే విన్నది. క్యాన్సరు కాదన్న మాట చెవిన పడగానే గోడకు చేరగిలబడి ఏడ్చింది. ఎంతసేపు ఏడ్చిందంటే నాకే విసుగొచ్చి, "ఏందమ్మా, నేను చచ్చిపోయినట్టు ఏడుస్తావు!" అని కసిరాను. ఆ ఆదివారమే సాక్ష్యం చెప్పాలని పట్టుబట్టింది.

లేచి నిలబడి, డాక్టరు చేతికి దేవుడు తోడున్నాడని నాలుగు ముక్కలు చెప్పి కూర్చున్నాను. అమ్మకు చాలలేదు. తనూ లేచింది. "వేరుతో సహా తీసేసినాడు ప్రభువు. మా అమ్మను తీస్కపోయిన జబ్బు నా బిడ్డ జోలికి ఇంక రాదు" అంది. చర్చంతా ఆమెన్ అంది. నేనూ అన్నాను. ఆ మాటకు ఎవరైనా ఆమెన్ అనకుండా ఉంటారా!

అక్కణ్ణుంచి అమ్మ నా పేగుల్ని ఊరూరా తిప్పింది. కొండాపురం వైపు పల్లెల్లో మంచం పట్టిన ప్రతి మనిషికీ నా కథే చెప్పేది. చెప్పే కొద్దీ కథ పెరిగింది. ఓసారి బస్సులో ఎవరో ఒకామె నా పక్కన కూర్చుని, "పేగులో గడ్డలు ప్రార్థనకు కరిగిపోయిన టీచరమ్మవు నువ్వే గదా?" అనింది. "కరగలా. కరెంటు పెట్టి కోసినారు" అన్నాను. ఆమె మొహం చిన్నబుచ్చుకుని కిటికీ వైపు తిరిగింది.

పైకి బాగానే ఉండేదాన్ని. పిల్లలు ఎక్కాలు అప్పజెబుతుంటే బోర్డు మీద రాస్తూ రాస్తూ ఉన్నట్టుండి ఆగిపోయేదాన్ని. కడుపులో ఎవరో కూర్చున్నట్టు ఉండేది. నొప్పి కాదు, బరువూ కాదు. ఒక మనిషి మూలన కూర్చుని, మాట్లాడకుండా, నేనెప్పుడు చూస్తానా అని ఎదురు చూస్తున్నట్టు. సుద్దముక్క పట్టుకున్న చేత్తోనే పొట్ట తడుముకునేదాన్ని. చీర మీద తెల్లటి వేళ్ళ గుర్తులు పడేవి. పిల్లలు నవ్వుకుంటే బెత్తం తీసేదాన్ని. పొద్దున్నే దొడ్డికి పోయి, చూడాలా వద్దా అని కళ్ళు మూసుకుని నిలబడేదాన్ని. నెత్తురు లేదు. లేకపోయినా మనసు నమ్మేది కాదు. అవ్వ కూడా మొదట్లో ఇలాగే నమ్మకుండా ఉందా, లేక ఏమీ లేదని నమ్మేసిందా అని ఆలోచించేదాన్ని.

ఏడాది తిరిగింది. సెలవు పెట్టాను. మద్రాసు పోతున్నామని చెప్పడానికి ఆత్మకూరు పోతే అమ్మ చేతిలో చెంబు కింద పెట్టేసింది.

"ఏందే నువ్వు? దేవుడు తీసేసిందాన్ని మళ్ళీ ఎతుకుతావా? అంతమంది ముందర ఆమెన్ అనినావే! రేపు వాళ్ళకేం చెప్పాలి నేను?"

"వాళ్ళకు చెప్పుకునేదానికి నా పేగులే దొరికినాయా నీకు?" అన్నాను. నా నోరు మంచిది కాదు. నాకూ తెలుసు.

"నెత్తురు పడతా ఉండాదా?"

"లేదు."

"మరి యాడికి పోతావు? పోబాక మే. చూస్తేనే గదా ఉండేది. చూడకపోతే ఏం ఉండదు."

"గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోమంటావా? అవ్వ చూసుకోలేదే, ఏమైంది?"

అవ్వ పేరెత్తేసరికి అమ్మ తలెత్తింది. నన్ను కాదు, నా వెనక వాకిట్లోకి చూసింది, అక్కడెవరో వచ్చి నిలబడ్డట్టు. నేనూ తిరిగి చూశాను. ఎవరూ లేరు. మా ఆయన సంచీ అందుకుని, బస్సు టైమైందన్నాడు.

మళ్ళీ మొలిచాయి. కోసిన చోటే ఒకటి, దానికి కాస్త పైన కొత్తది ఇంకొకటి. డాక్టరు వాటినీ తీసేశాడు. పరీక్షకు పంపితే, ఇవీ ఇంకా క్యాన్సరు కాలేదని వచ్చింది. "మంచి పని చేశావమ్మా వచ్చి. ఇంక ఏటేటా రావాలి" అన్నాడు. బతికానని సంతోషపడాలో, ఇంతేనా నా బతుకు అని ఏడవాలో తెలియలేదు. కూర్చున్న మనిషిని లేపి పంపినా, మళ్ళీ వచ్చి కూర్చుంటాడన్నమాట. చచ్చేదాకా ఏటా లేపుతూ ఉండాలన్నమాట.

అమ్మకు చెబితే ఏడవలేదు, అరవలేదు. "చర్చిలో ఎవురికీ చెప్పబాక. చుట్టాలింటికి పోయినానని చెప్పు" అంది అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు చేసినదానిలా నేనెందుకు దాక్కోవాలి? నేను మొలిపించానా వాటిని?

ఆదివారం పాస్టరుగారు, "సాక్ష్యం ఎవరికైనా ఉందా?" అని అడిగారు. ఆడవాళ్ళ వైపు చాపల మీద అమ్మ నాకు ముందు కూర్చుని ఉంది. చెయ్యి వెనక్కి చాచి నా మోకాలు గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి తీసేసి లేచాను.

"పోయినేడు పోయినాయని చెప్పినాను. మళ్ళీ వచ్చినాయి. పోయి తీపిచ్చుకున్నాను. ఇంకా వస్తాయంట. వస్తే మళ్ళీ పోతాను. మీలో ఎవురికన్నా నెత్తురు పడతా ఉంటే, నా సాక్ష్యం ఇన్నామని ఇంట్లో కూర్చోబాకండి."

ఒక్కరూ ఆమెన్ అనలేదు. మగవాళ్ళ వైపు ఎవరో దగ్గారు. పాస్టరుగారు పాటల పుస్తకంలో పేజీలు తిప్పారు, పాట అందుకుని ఈ గండం దాటిద్దామని కాబోలు. నేను కూర్చోబోతుంటే అమ్మ లేచింది. పోయినసారిలాగే నా మాటకు తన మాట అతికిస్తుందని, వేరుతో సహా అని మళ్ళీ మొదలెడుతుందని పళ్ళు కొరుక్కున్నాను.

అమ్మ ముసుగు సర్దుకుంది.

"అయ్యగారూ, నాకూ పడతా ఉండాది."

చర్చిలో ఉన్నానన్న సంగతే మర్చిపోయాను. "ఎప్పట్నించి?" అని అరిచాను.

"నువ్వు మొదుట మద్రాసు పోకముందు నించే మే."

"అప్పట్నించీ నోరెత్తకుండా ఉండావా? కన్నబిడ్డకన్నా చెప్పబుద్ధి కాలేదా?"

"కడుపు చించుకుంటే కాళ్ళ మీదనే గదా పడేది" అంది. తర్వాత నాకొక్కదానికే చెబుతున్నట్టు అంది. "నీకు మళ్ళీ రాకపోతే, నాకూ పోయినట్టే అనుకుని చూస్తా ఉండాను."

ఆ వారమే తీసుకుపోయాం. అదే డాక్టరు, అదే గది. నేను తలుపు బయట నిలబడి, ఇంకా పులిపిరిగానే ఉండాలి దేవుడా, పులిపిరిగానే ఉంచు అని మొక్కుకున్నాను. నా జన్మలో అంత నిజంగా ప్రార్థన చేసింది అప్పుడే. తొందరగానే తలుపు తీశారు. తీగ ఉచ్చుతో వాళ్ళకు పనిపడలేదు. అది పులిపిరి దశ దాటిపోయి, పేగుని మూసేసి, కాలేయం దాకా పాకింది.

డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టి మందులు చెబుతుంటే అమ్మ అన్నీ బుద్ధిగా విన్నది. చివర్లో, "నా బిడ్డకు చెప్పినట్టు నన్ను గూడా యాడాదికి రమ్మంటారా అయ్యా?" అని అడిగింది.

ఆయన నా వైపు చూశాడు. అమ్మ ఎంతమంది మంచాల పక్కన కూర్చుందో! ఆ చూపు ఆమెకు కొత్తది కాదు.

"సరేలెండి. నా బిడ్డను మాత్రం ఏటేటా రమ్మనండి. నేను అడ్డం పడను" అంది.

మరుసటి ఏడు నేను మద్రాసు బయల్దేరేసరికి, అడ్డం పడడానికి అమ్మ లేదు.