తువ్వాలుతో కట్టిన చేతులు

మొన్న మంగళవారం పొద్దున్న మావయ్య పోయాడు. కద్మాలోని వాళ్ళింటి నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి, "బావా, నాన్న ఇంక లేడు" అంది. నది ఇవతల ఆదిత్యపూర్ నుంచి వంతెన దాటి వెళ్ళడానికి నాకు అరగంట పట్టింది. ఆ అరగంటా ఆయన మొహం గుర్తుకు రాలేదు. చేతులే గుర్తొచ్చాయి.

మావయ్య మా అమ్మకు అన్న. శ్రీకాకుళం నుంచి ఈ హిందీ ఊరికొచ్చి స్టీలు ప్లాంటులో ఖలాసీ అయ్యాడు. మిల్లులో క్రేన్ నడిపేవాడు పైన, కప్పు దగ్గరి చిన్న గదిలో కూర్చుంటాడు. కింద నిలబడి ఎత్తు, దించు, పక్కకి జరుపు అని అతనికి చేతులతో చెప్పేవాడు ఖలాసీ. ఆ మోతలో మాటలు వినపడవు. పాతికేళ్ళు అలా పనిచేసి ఆయన ఇంట్లో కూడా నోరు తెరవడం దాదాపు మానేశాడు. బొటనవేలు పైకెత్తితే ఇంకొంచెం అన్నం. అరచెయ్యి కిందకి ఊపితే రేడియో తగ్గించు. "ఏటన్నియ్యా, నాను క్రేన్ననుకున్నావేటి?" అని అమ్మ విసుక్కునేది. ఆయన నవ్వి మళ్ళీ బొటనవేలే ఎత్తేవాడు.

ఒక్క సైగ మాత్రం సరదాకి కూడా వాడేవాడు కాదు. రెండు చేతులూ బార్లా చాపి అడ్డంగా ఊపితే, ఉన్నపళంగా ఆగమని. మిగతా సైగలు ఖలాసీ ఒక్కడే ఇవ్వాలి. ఇది మాత్రం మిల్లులో ఎవరిచ్చినా, ఊడ్చేవాడిచ్చినా, క్రేన్ ఆగాల్సిందే. నా చిన్నప్పుడే అది నాకు నూరిపోశాడు. "ముందాగు. ఎందుకో తరవాత అడుగు" అనేవాడు.

డెబ్భైల చివర్లో నన్ను ఆ కంపెనీ ఫుట్‌బాల్ జట్టులోకి ఒక్క సీజన్ కాంట్రాక్టు మీద తీసుకున్నారు. నాకు పంతొమ్మిదేళ్ళు. డిఫెన్సులో ఆడేవాణ్ణి. సీజన్ చివర స్పోర్ట్స్ ఆఫీసరు లిస్టు రాస్తాడు. అందులో పేరుంటే పర్మినెంటు ఉద్యోగం, లేకపోతే ఇంటికి. నాన్న లేడు. అమ్మా, చెల్లీ, నేనూ మావయ్యకిచ్చిన కంపెనీ క్వార్టర్లోనే బతుకుతున్నాం. ఆయన మరో రెండేళ్ళలో రిటైరవుతాడు, క్వార్టరు ఖాళీ చెయ్యాలి. నా పేరు లిస్టులో పడితే ఆ రెండు గదులూ ఉద్యోగిగా నాకిచ్చి నిలుపుతారు. ఇంట్లో ఈ మాట ఎవరూ పైకి అనేవారు కాదు.

ప్రతి మ్యాచ్‌కీ మావయ్య పొద్దుటి షిఫ్టు దిగి, హెల్మెట్టు చంకలో పెట్టుకుని వచ్చేవాడు. కార్నర్ జెండా పక్కన నిలబడి నన్ను నడిపించేవాడు. ముందుకెళ్ళు, వెనక్కి రా, నెమ్మది. ఆటగాడు బంతితో మీదకొస్తుంటే తొందరపడి కాలు పెట్టేవాణ్ణి. "బరువు ఊగతన్నప్పుడు ఎదురెల్లి పట్టకురా అల్లుడా. దాని ఊపు అయ్యేక సెయ్యెయ్యి" అన్నాడోసారి. ఏ కోచ్ చెప్పిన దానికంటే నాకు అదే పనికొచ్చింది.

సీజన్లో చివరి నుంచి రెండో మ్యాచ్ రైల్వే వాళ్ళతో. ఆఫీసరు కాగితాలు ఒళ్ళో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. ఆట ఇంకో నాలుగైదు నిమిషాలుందనగా ఎవరికీ గోలు లేదు. కార్నర్ వైపు నుంచి బంతి బాగా ఎత్తుకి లేచి మా గోలు మీదకి దిగుతోంది. అది నాది. తల పైకెత్తి దాని కిందకి పరిగెత్తుతున్నాను. కంటి కొసలో మావయ్య చేతులు బార్లా చాచుకున్నాయి, అడ్డంగా ఊగాయి. నా కాళ్ళు ఆగిపోయాయి. నేను ఆపలేదు, అవే ఆగాయి. బంతి నా ముందు పడింది. రైల్వే కుర్రాడు హాయిగా గోల్లోకి తన్నాడు.

ఓడిపోయాం. కోచ్ నా చొక్కా పట్టుకుని "క్యోఁ రుక్ గయా?" అని అరుస్తున్నాడు. ఎందుకాగానని చెప్పను? దారి పొడుగునా మావయ్యతో మాట్లాడలేదు. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం ఆయన మొహం చూడ్డానికే నాకు అసహ్యమేసింది. గుమ్మం దగ్గర ఆయనే అన్నాడు: "గాల్లో ఏదో దిగిపోతంది. కింద నువ్వున్నావు. సేతులు వాటంతటవే లెగిసిపోనాయిరా." ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. బొటనవేలు ఎత్తలేదు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆఫీసరు గదికి వెళ్ళాడు. ఆయన హిందీలో సగం శ్రీకాకుళమే. "సాబ్, సిగ్నల్ మేరా. ఆపరేటర్ కా గల్తీ నహీఁ." మిల్లులో బరువు జారితే తప్పు సైగ ఇచ్చినవాడిది, క్రేన్ నడిపినవాడిది కాదు. ఆ లెక్కనే నా తప్పు తన మీద వేసుకోవడానికొచ్చాడు. ఆఫీసరు నమ్మలేదు. ఏం సైగ, చూపించు అన్నాడు. మావయ్య చేతులు బార్లా చాపి ఊపాడు. అప్పుడే టీ పట్టుకుని లోపలికొస్తున్న ముసలి ప్యూను గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. ట్రేలో కప్పులు గలగలమన్నాయి. అతను ఒకప్పుడు మిల్లులో పనిచేసినవాడేనట. ఆఫీసరు అతన్ని చూశాడు, నన్ను చూశాడు, పెద్దగా నవ్వాడు. లిస్టు మీద కాగితం బోర్లించి, "ఇంకో మ్యాచ్ ఇస్తాను. కానీ ఈయన చేతులు నాకు గ్రౌండులో కనపడకూడదు" అన్నాడు.

ఆదివారం కార్నర్ జెండా పక్కన ఎవరూ లేరు. మొదటిసారి ఒంటరిగా ఆడుతున్నట్టనిపించింది. కాసేపటికి కంచె అవతల హెల్మెట్టు కనిపించింది. మావయ్య రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. పరిగెడుతూ ఆయన పక్కగా వెళ్ళినప్పుడు చూశాను, మణికట్లు తువ్వాలుతో కట్టి ఉన్నాయి. పక్కనున్న టీ కొట్టువాడితో కట్టించుకున్నాడట. నాకు ఏడుపొచ్చింది, కానీ ఆ రోజు ఒక్క బంతి కూడా నన్ను దాటి పోలేదు.

లిస్టులో నా పేరు పడింది. క్వార్టరు నిలిచింది. నేను ఆట మానేసేదాకా ప్రతి మ్యాచ్‌కీ మావయ్య అలాగే చేతులు కట్టించుకుని వచ్చాడు. "ఇంకెందుకు మావయ్యా, పర్మినెంటు అయిపోయింది కదా?" అని అడిగితే, "ఈటిని నమ్మలేనురా" అనేవాడు. ఆయన మీద నాకు అసహ్యమేసిన ఆ సాయంత్రం గురించి నేనేనాడూ క్షమించమని అడగలేదు. అడగాల్సింది.

మంగళవారం నేను వెళ్ళేసరికి ఆయన్ని ముందు గదిలో పడుకోబెట్టి ఉన్నారు. పెద్దవాళ్ళు ఆచారం ప్రకారం రెండు చేతుల బొటనవేళ్ళూ కలిపి గుడ్డపేలికతో కట్టారు. నేను చూడలేకపోయాను.

"ఆ కట్టు విప్పండి" అన్నాను.

అందరూ నావైపు చూశారు. "అదేటి బావా?" అంది మరదలు.

"ఈరోజు ఆట లేదు కదమ్మా."

ఆమె వంగి ముడి విప్పింది. ఆ రెండు చేతులూ మెల్లగా జారి, చెరో పక్కకీ విచ్చుకున్నాయి.