జొన్న చిగురు

నా చిన్నప్పుడు మా తాతను చూసి నేను భయపడింది ఒక్కరోజే. బషీరాబాద్ దగ్గర మా ఊళ్లో ఆయన గొర్రెలు కాసేవాడు. అదిలించాలన్నా కట్టెను నేల మీద కొట్టేవాడే తప్ప గొర్రె ఒంటికి తగలనిచ్చేవాడు కాదు.

ఆ ఏడు ఉగాది పోగానే ఎండలు ముదిరాయి. నాపరాళ్ల మీద కాలు పెడితే బొబ్బలెక్కేవి. మధ్యలో ఒక్క జల్లు పడి, వాన మళ్లీ మొహం చాటేసింది. మేత లేక గొర్రెల డొక్కలు లోపలికి పోయాయి. తల్లి చచ్చిపోతే నేను సీసాతో పాలు పట్టి పెంచిన గొర్రెపిల్ల ఒకటి ఉండేది. అరవడానికి కూడా ఓపిక లేక అది నా వెనకాలే నడిచేది.

ఆ రోజు దారిలో కోసేసిన జొన్నచేను కనబడింది. కొయ్యకాళ్లకు జానెడు చిగురు. అంతా ఎండిపోయిన చోట ఆ పచ్చదనం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. నా గొర్రెపిల్ల ఉరికిపోయి నోరు పెట్టింది.

తాత ఒక్క ఉరుకున వచ్చి దాని మెడ పట్టి నేలకు అదిమాడు. నోరు బలవంతంగా తెరిచి వేళ్లు గొంతులోకి దూర్చాడు. చంపేస్తున్నాడనుకున్నాను. ఏడుస్తూ ఆయన వీపు మీద పిడికిళ్లతో గుద్దాను. ఆయన తిరిగి చూడలేదు.

అప్పుడే పక్కింటి పెద్దమ్మ తన మేకను తోలుకొని వచ్చింది. అంతకుముందు ఎన్నడూ మేకను సాకలేదు, ఆ ఏడే కొనుక్కుంది.

"ఏం మామా, ఎండకు నెత్తి తిరిగిందా? ముంగట పచ్చిమేత పెట్టుకొని పిల్ల గొంతు పిసుకుతున్నవ్!"

"గండ్ల నాము ఉంటదే! ముందుగాల నీ మేకను ఆపు!"

"గీ చిగురేం జేస్తది? లోకంల నువ్వొక్కనివే గొర్లు కాసినవా?" అని నవ్వుతూ మేకను వదిలింది.

కాసేపటికే మేక కాళ్లు వణికాయి. నోట్లో నుంచి నురగ వచ్చింది. పక్కకు ఒరిగి, కాళ్లు కొట్టుకొని, కదలకుండా అయిపోయింది. పెద్దమ్మ ఉరికొచ్చి మేక తల ఎత్తి చూసింది. నాకు ఏడుపు కూడా ఆగిపోయింది.

నీళ్లు చాలక వాడిన జొన్న చిగురులో విషం చేరుతుందని, దాన్నే నాము అంటారని తాత నాకు తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం గుప్పిట విప్పి చూపించాడు. సగం నమిలిన ఆకులు, వాటి మీద ఆయన వేళ్ల నెత్తురు. గొర్రెపిల్ల బతికింది. గుద్దినందుకు ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "నీళ్లు తాగు బిడ్డా" అన్నాడు, అంతే.

మొన్నటి ఎండల్లో మా వాడకట్టు పిల్ల ఒకతి అట్లాంటి చిగురు వైపే మేకను తోలుతుంటే తాడు గుంజుకొని కేకలేశాను. "ముసల్దానికి పిచ్చి లేసింది" అని గొణుక్కుంటూ, కండ్లు తుడుచుకుంటూ మేకను మళ్లించుకొని పోయింది. తాత వీపు గుర్తొచ్చింది. తిట్టుకోనీ. మేక ఇల్లు చేరింది.