నీ వంతు ఎప్పుడు?

నంద్యాల దగ్గర మా పొలాలకు కాలువ నీళ్లు వదిలే లస్కరు, ఎవరు ఎదురైనా ఒకటే అడిగేవాడు. "నీ వంతు ఎప్పుడప్పా?"

పందొమ్మిది వందల యాభై ఆరులో నా భార్య పురిట్లోనే బిడ్డతో సహా పోయింది. నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం తూము దగ్గరికెళ్లి చెప్పులు విడిచాను. గట్టు మీద సద్దిమూట విప్పుతున్న లస్కరు నా చెప్పుల వైపే చూశాడు.

"నీ వంతు ఎప్పుడప్పా?"

"ఎల్లుండి. ఇంగ నాకెందుకన్నా నీళ్లు?"

"నీకు కాదులే. నీ మడి పారితేనే కిందోళ్ల మడికి పారేది. నువ్వు నిలబడి మళ్లించాల. ఎల్లుండి రా."

సద్దిలో సగం నా చేతిలో పెట్టాడు. చెప్పిన రోజుకు వెళ్లాను. ఆ తర్వాతి వంతుకూ వెళ్లాను. అట్లా బతికాను.

ఎండాకాలం కాలువ కట్టేస్తే ఎవరికీ వంతులుండవు. రెండేళ్లకు అలాంటి ఒక వేసవిలో, ఆళ్లగడ్డ దారిలోని బావిలో ఆయన శవం తేలింది. చెప్పులు గట్టునే ఉన్నాయి. ఆయనకు సెంటు మడి లేదనీ, ఇంట్లో ఎవరూ లేరనీ ఆ రోజే తెలిసింది.

ఇప్పటికీ కాలువకు నీళ్లొచ్చిన రోజు ఆ గొంతు వినిపిస్తుంది. అడిగిన ప్రతిసారీ జవాబు చెప్పాను గానీ, "నీదెప్పుడన్నా?" అని నేను ఒక్కసారీ అడగలేదు.