నయం కాకముందే మొక్కేసిన జడ

డాక్టరమ్మ క్యాన్సర్ అన్నదీ, మా అమ్మ నా జడను ఏడుకొండలవాడికి ఇచ్చేసిందీ దాదాపు ఒకేసారి జరిగాయి. తిరుపతిలో ఆ ఆసుపత్రి గది కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. అమ్మ కుర్చీలోంచి లేచి, డాక్టరమ్మకు వీపు పెట్టి, కిటికీకి దండం పెట్టింది.

"సామీ, నా బిడ్డకు నయం చెయ్యి. నయమైనాక దాని తలనీలాలు ఇచ్చుకుంటా."

నేను స్కాన్ కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అండాశయంలో గడ్డ ఉందని, స్కానూ రక్తపరీక్షా చూస్తే క్యాన్సరేనని అనిపిస్తోందని, ముందు ఆపరేషను, తర్వాత కీమో ఇంజెక్షన్లు అని డాక్టరమ్మ చెప్తున్నారు. అవన్నీ పక్కింటి టీవీలో వార్తల్లా వినిపించాయి. ఎవరో పాపం అనుకున్నాను.

ఆ ఎవరో నేనేనని తెలిసొచ్చేసరికి ఒక ప్రశ్న పుట్టింది. గడ్డ ఒకవైపే ఉంది కదా, రెండు అండాశయాలూ తీసేస్తారా? రేపెప్పుడైనా నాకు పిల్లలు పుడతారా? కానీ పెళ్ళికాని పిల్లను. పక్కన అమ్మ. ఎదురుగా చీటీ రాసుకుంటున్న కుర్ర డాక్టరు. బస్సులో ఎవరైనా నా కాలు తొక్కితే నేనే సర్దుకుని జరిగే రకాన్ని. ప్రశ్నను కూడా అలాగే పక్కకు జరిపేశాను.

ఇంజెక్షన్లు మొదలయ్యాక జుట్టు రాలిపోతుంది, మళ్ళీ వస్తుంది, భయపడొద్దు అన్నారు డాక్టరమ్మ. అమ్మ నిజంగా భయపడింది అప్పుడే.

"యెప్పుడు రాల్తాదమ్మా? నయం కాకముందేనా?"

ముందేనని తెలిశాక అమ్మ మళ్ళీ కిటికీ వైపు చూసింది, పైకి పంపిన మాటను దారిలోనే పట్టుకోగలనా అన్నట్టు.

చిత్తూరులో మా ఇంటికి చేరేసరికి క్యాన్సర్ సంగతి వెనక్కిపోయింది. అందరూ జుట్టు గురించే. నయమైనాక ఇస్తానని మొక్కింది అమ్మ. నయమయ్యేలోపు ఇచ్చేదానికి జుట్టే ఉండదు. మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, మొక్కుల విషయంలో మా వీధికంతటికీ జడ్జి. ఆమె అమ్మను ఎదురుగా నిలబెట్టి విచారణ చేసింది. కిటికీలో కనిపించింది ఆ కొండేనా, పక్క కొండా అని కూడా అడిగింది.

ముందే వెళ్ళి ఇచ్చేస్తే పోలా అంది పిన్నమ్మ ఫోనులో. అవ్వ ఒప్పుకోలేదు, అది దేవుణ్ణి తొందరపెట్టడమంట. రాలిన జుట్టును దిండు మీంచి ఏరి మూటగట్టి తీసుకుపోతే? అది తలనీలాలు కాదు, చెత్త అని కొట్టిపారేసింది. నాయన అంతసేపూ గోడకానుకుని నిలబడ్డాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"పాపకు బదులు నేనిస్తాలే."

అవ్వ కొడుకు తలను తీరిగ్గా పరిశీలించింది. చెవుల పైన రెండు పాయలు తప్ప అక్కడ పరిశీలించడానికి పెద్దగా ఏమీ లేదు.

"ఏముండాదిరా ఆడ, సామికి ఇచ్చేదానికి?"

అందరికన్నా ముందు నవ్వింది నాయనే. తర్వాత అమ్మ. అమ్మ నవ్వు ఎప్పుడు ఏడుపయిందో ఎవరికీ తెలీలేదు. నేను చేతిలోని నవల ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. స్కాన్ తీసినప్పటి నుంచి అదే పేజీ. నా జడ గురించి నన్ను ఒక్కరూ అడగలేదు. అడిగినా, నా దిగులు జడ గురించి కాదని చెప్పగలిగేదాన్నో లేదో.

ఆపరేషనుకు ముందు మళ్ళీ తిరుపతి వెళ్ళాం. ఈసారి నాయన కూడా లోపలికొచ్చాడు. అమ్మ కూర్చోకముందే మొదలుపెట్టింది. ఇంజెక్షన్లు కొంచెం వెనక్కి జరపొచ్చా? జుట్టు రాలకుండా ఏదైనా నూనె ఉందా? వాయిదా కుదరదని, నూనె లేదని, మొక్కు సంగతి తనకు తెలీదని డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పి, ఇంకేమైనా అడగాలా అన్నారు. నూనె లేకపోతే పోనీ టానిక్కు, అని అమ్మ అందుకోబోయింది.

"రెండూ తీసేస్తారా?" అన్నాను.

మరీ గట్టిగా వచ్చింది. బయట వరుసలో కూర్చున్నవాళ్ళకూ వినపడే ఉంటుంది. ఆగితే మళ్ళీ నోరు పెగలదని తెలుసు.

"గడ్డ ఒకవైపే కదా. రెండోది బాగుంటే ఉంచండి మేడం. నాకెప్పుడైనా పిల్లలు కావాలనిపిస్తుందేమో."

కుర్ర డాక్టరు పెన్ను ఆగింది. నాయన గోడ మీది క్యాలెండరులో వర్జ్యం వేళలు చూడసాగాడు.

డాక్టరమ్మ కుర్చీ నా వైపు తిప్పుకున్నారు. అప్పటిదాకా ఆమె మాట్లాడిందంతా అమ్మతోనే. రెండోది బాగానే కనిపిస్తోందని, ఉంచడానికే చూస్తామని, తెరిచాక అటు కూడా పాకినట్టు తేలితే మాత్రం ఏమీ చెప్పలేనని అన్నారు. ఇది మొదటి రోజే అడగాల్సింది కదా అన్నారు.

"సందు దొరకలేదు మేడం."

ఆమె అమ్మను చూసి నవ్వు ఆపుకున్నారు.

వరండాలో అమ్మ నాలుగడుగులు వేసింది. తర్వాత ఆగిపోయింది.

"నువ్వు యెంటికల కోసం కుమిలిపోతా ఉండావనుకుంటినే."

"వాటి కోసం కుమిలింది నువ్వు," అన్నాను.

అమ్మ కొంగు బిగించి, వెనక్కి తిరిగి, వరుసను దాటుకుంటూ మళ్ళీ డాక్టరమ్మ గదిలోకి పోయింది. రెండోది ఉంచాల్సిందేనని, పాప చెప్పింది కదా అని గట్టిగా చెప్తున్న గొంతు బయటికి వినిపిస్తోంది. వరుసలో ఉన్నవాళ్ళు గొణిగారు. నాయన వాళ్ళ ముందుకెళ్ళి చేతులు జోడించాడు.

"ఒక్క నిమిషం ఓర్చుకోండప్పా. మా పాపది ఇంకో మాట మిగిలిపోయినాది."

నాకు ఇంకే మాటా మిగల్లేదు. కానీ నేను కాదనలేదు.