పురి చాలని నూలు

కిష్టారానికి కోసెడు దూరంలో ఉండేది మా ఊరు. అప్పటికి బస్తర్ ఇంకా రాజుగారి సంస్థానమే. మా తాత శబరి నది అవతలి నుంచి మగ్గం సామాను నెత్తిన పెట్టుకుని వచ్చి అక్కడ స్థిరపడ్డాడట. చుట్టుపక్కల అడవిలోని దొర్ల కోయవాళ్ల ఊళ్లన్నిటికీ నేసేది మేమే. ఇంట్లో మగ్గం నాయనది, రాట్నం అమ్మది. పత్తి ఊళ్లవాళ్లే తెచ్చిచ్చేవారు. కోక ధర ఎంత అని ఎవరైనా అడగ్గా నేను వినలేదు. పంట కోసినప్పుడు ఇంటింటి కళ్లంలో మాకు మేర, అంటే గింజల్లో వాటా, ఉండేది. ఏడాది పొడుగునా ఆ ఇళ్లలో ఎవరికీ బట్టకు లోటు రాకుండా చూడటం మా పని.

నేసేటప్పుడు నాయన నోరు విప్పేవాడు కాదు. అమ్మ నూలు చుట్టిన కండె అందిస్తే మాత్రం దారం కొస పట్టుకుని చటుక్కున లాగి చూసేవాడు. నాకు తెలిసి అది ఒక్కనాడూ తెగలేదు. అయినా చూసేవాడు. ఆయనకు అనుమానపు రోగమని అమ్మ నవ్వేది. లోలోపల ఎంత మురిసిపోయేదో ఆమె ముఖం చూస్తే తెలిసేది.

తర్వాత మిల్లు నూలు పడవల మీద శబరి ఒడ్డున ఉన్న కొంటా అంగడికి వచ్చింది. నూలు కట్టల మీద అంటించిన రంగుల బొమ్మలు పీకి మేం పిల్లలం గోడకు అతికించుకునేవాళ్లం. నూలు వెనకే మిల్లు బట్టా వచ్చింది. అంగడిలో పలచగా, తెల్లగా మెరుస్తుంటే ఎవరికి మనసు పుట్టదు? నాకూ పుట్టింది. మెల్లమెల్లగా పత్తి తెచ్చే ఇళ్లు తగ్గాయి, కళ్లాల్లో మా మేరా తగ్గింది. చివరికి నాయన కొంటా షావుకారు దగ్గర మిల్లు నూలు తెచ్చి ఆయన దుకాణానికి నేయడం మొదలుపెట్టాడు. ఎవరు కట్టుకుంటారో తెలియని బట్ట నేయడం ఆయనకు మొదట్లో చేతకాలేదు. ఇది ఎవరికి, పొడుగు మనిషికా పొట్టి మనిషికా అని షావుకారునే అడిగాడట. దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారట.

నిలువు పోగుల పడుగు మిల్లు నూలు, అడ్డం పోగుల పేక మాత్రం అమ్మ ఒడికింది. అంతవరకే ఒప్పుకున్నాడు నాయన. పేకా మిల్లుదే అయితే పని తొందరగా తెమిలిపోతుందని షావుకారు పోరుతూనే ఉన్నాడు. ఆ మగ్గం మీద అమ్మకు మిగిలింది పేక ఒక్కటే. ఒక్క తప్పు దొరికితే అదీ పోతుందని ఆమెకు తెలుసు. పన్నెండేళ్లదాన్ని, నాకూ తెలుసు.

ఆ ఎండాకాలం పక్క ఊరి పెద్దమనిషి ఒకాయన కొడుకు పెళ్లికి తల్లికోక నేయమని వచ్చాడు. పెళ్లికూతురి తల్లికి మగపెళ్లివాళ్లు పెట్టే కోక అది. బిడ్డను కని పెంచినందుకు ఇచ్చే మర్యాద. అంచుకు తొగరు వేరుతో అద్దిన ఎరుపు, మధ్యంతా తెలుపు. మిల్లు బట్ట ఎంత మెరిసినా తల్లికోకకు పనికిరాదని అప్పటికి ఇంకా అనుకునేవారు.

అమ్మ తెల్లవారుతూనే ఇప్పపూలకు అడవికి పోయేది. ఆమె లేనప్పుడు నేను రాట్నం ముందు కూర్చుని రెండు కండెలకు సరిపడా ఒడికాను. ఎవరూ చెప్పలేదు. పెళ్లికోకలో నా నూలు కూడా ఉండాలని ఆశ. కండెలు చుట్టి అమ్మ బుట్టలో అడుగున పెట్టాను. మర్నాడు నాయన వాటిని తీసుకుంటుంటే పక్కనే నిలబడి చూశాను. ఆయన లాగి చూడలేదు. మిల్లు నూలును లాగి చూసే పని ఉండదు కదా, ఆ అలవాటే పోయింది. అది నా అదృష్టమనుకున్నాను, బుద్ధిలేనిదాన్ని. పేకకు లాగుడు తక్కువ, అందుకే పురి, అదే మెలి, చాలకపోయినా నా నూలు మగ్గం మీద తెగనూ లేదు.

పెళ్లయిన వారానికి ఆ పెద్దమనిషి మళ్లీ వచ్చాడు. మడిచిన కోక నాయన ముందు పెట్టాడు. వియ్యపురాలు వాగులో మొదటిసారి ఉతికేసరికి నడిమధ్యన పేక విడిపోయి, జానెడు వెడల్పున పడుగు పోగులు మాత్రమే మిగిలాయి.

“చినిగిన కోక పెట్టినమని ఊరంత అన్నరు బావా,” అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, అవమానం ఉంది.

నాయన అమ్మ వైపు చూశాడు. అమ్మ తెగిన పోగును రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపింది. ఎంతో సేపు నలిపింది. నా వైపు మాత్రం చూడలేదు. నేను గుంజ వెనక్కి జరిగాను.

“నా చెయ్యే,” అంది చివరికి. “బలం తగ్గినట్టుంది.”

నాయన అంతా మిల్లు నూలుతోనే ఇంకో కోక నేసి ఇచ్చాడు. అమ్మను ఒక్క మాట తిట్టలేదు. ఇక ఒడకవద్దు, విశ్రాంతి తీసుకోమన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత అమ్మ చింతపండు కొట్టడానికి, అడ్డాకులు కుట్టడానికి పోయేది. రాట్నం చప్పుడు లేక ఇల్లు బోసిపోయింది. ఇప్పటికీ మధ్యాహ్నం కాస్త కునుకు పడితే ఆ చప్పుడు వినాలనిపిస్తుంది. ఆ రోజుల్లో రాట్నాన్ని మాత్రం ఆమె అటక ఎక్కించలేదు. దాని చుట్టూ ఊడ్చేది, కదురుకు నూనె పెట్టేది. దిగులు తీరక అలా చేస్తోందనుకుని, నేను ఆ మూలకు పోవడమే మానేశాను.

పెళ్లయి, పురిటికి పుట్టింటికి వచ్చినప్పుడు అమ్మకు చెప్పాను. బిడ్డకు నూనె రాస్తోంది అమ్మ. ఎన్నో ఏళ్లు గొంతులో పెట్టుకున్న మాట, ఏడుస్తూ చెప్పాను, ఆ రెండు కండెలూ నావని.

“నాకెరికే,” అంది బిడ్డ కాళ్లు సాగదీస్తూ. “నీ పురి నేను గుర్తుపట్టనా ఏంది?”

“మరి ఎందుకు చెప్పలేదమ్మా?”

“చెప్తే మీ నాయన నిన్ను రాట్నం ముట్టనియ్యడు బిడ్డా. మిల్లు నూలొచ్చినంక నా చెయ్యి ఎట్లన్న పోయేదే. నీ చెయ్యన్న నిలుస్తదనుకున్న.”

బిడ్డను తిప్పి వీపుకు రాస్తూ, కోపమేమీ లేకుండా అడిగింది.

“మళ్ల ఎన్నడూ రాట్నం ముందు కూసోకపోతివేందే?”