పసుపు వేసిన బొరెక్

పోయిన నెలలో ఒక గురువారం తెల్లవారుతుండగా మా అత్తగారు పోయారు. అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో, మా ఇంట్లో, ఆవిడ మంచం మీదే. హాస్పిటల్లో మాత్రం పోనని ఎప్పుడో చెప్పి ఉంచారు, అన్నంత పనీ చేశారు. మధ్యాహ్నానికల్లా మా వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు వరస కట్టాయి. "శాంతమూర్తి" అన్నారు. "ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి" అన్నారు. చదువుతుంటే ఏడుపు ఆగిపోయి ఒళ్ళు మండింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలి, ఒప్పుకుంటాను. కానీ ఆ మంచి వాళ్ళదే అయి ఉండాలి కదా. మా అత్తగారు శాంతమూర్తి కారు. అనవలసిన వాళ్ళని అనవలసిన మాటలు, మొహం మీదే, తాపీగా అన్నారు. ఆవిడని మెత్తని మనిషిని చేసి సాగనంపడం నాకు ఇష్టం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆవిడ రాజమండ్రిలో బాటనీ లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. మామగారు ఉన్న రోజుల్లో ఇద్దరూ వచ్చి మా దగ్గర కొన్ని నెలలు ఉండి వెళ్ళేవారు. ఆయన పోయాక ఆవిడ ఒక్కరే వచ్చేసి ఇక్కడే ఉండిపోయారు. వచ్చిన వారంలోనే నా వంటింటి డబ్బాలన్నీ తన వరసలో సర్దుకున్నారు. పెరట్లో నేను ముద్దుగా నీళ్ళు పోసి పెంచుతున్నది కలుపు మొక్క అని తేల్చి పీకి పారేశారు. నా సాంబారుకి ఏ రోజూ మార్కులు పడలేదు. మేమిద్దరం తల్లీకూతుళ్ళలా ఉండేవాళ్ళమని చెబితే ఆవిడే లేచి వచ్చి కాదంటారు. మేం అత్తాకోడళ్ళలాగే ఉన్నాం, ఒకరి నోటికి ఒకరం సరిపోయాం.

కానీ ఆవిడ బొబ్బట్లకి మాత్రం ఎదురు లేదు. మైదాలో పసుపు వేసి జారుగా కలిపి, ఆ ముద్దని నూనెలో ముంచి నానబెట్టేవారు. అప్పడాల కర్ర ముట్టుకునేవారు కాదు. వేళ్ళతోనే సాగదీస్తే ఆ పిండి చెప్పిన మాట విని లోపలి పూర్ణం కనపడేంత పల్చబడేది. పసుపు ఎందుకని ఓసారి అడిగాను. "పసుపు లేని పిండి పిండేవిటే? సున్నం" అన్నారు. మామగారు బతికుండగా ఆవిడ అమెరికా వచ్చారంటే చాలు, క్యారీలో ఎవరింట్లో శుభకార్యమైనా ఫోను మా ఇంటికే. వాయనాల్లో ఆవిడ బొబ్బట్లు లేకపోతే అది పేరంటమే కాదన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పేర్లు నాకు గుర్తున్నాయి.

మామగారి సంవత్సరీకాలు అయిన కొత్తల్లో, మాకు బాగా కావలసినవాళ్ళ అమ్మాయికి సీమంతం వచ్చింది. అత్తగారు ఎవరూ అడక్కుండానే పొద్దున్నే పిండి కలిపి నూనెలో వేశారు. అప్పుడు ఫోను మోగింది. నేను శనగపప్పు కడుగుతున్నాను, చెయ్యి తడి అని స్పీకర్లో పెట్టాను. మా వాళ్ళందరికీ ఏ పండగ ఎలా చెయ్యాలో చెప్పే పెద్దావిడ ఒకరున్నారు, ఆవిడ గొంతు.

"ఏమీ అనుకోవద్దమ్మా. మనకి పట్టింపులు లేకపోయినా పిల్లకి శుభం కదా. ఈసారికి బొబ్బట్లు నువ్వు చేసెయ్యి. మీ అత్తగారిని రెస్ట్ తీసుకోనీ, పెద్దావిడ."

ఎంత మర్యాదగా అందో చూడండి. ఒక్క తప్పు మాట లేదు. నేను నోరు తెరిచేలోగా ఆవిడ బై చెప్పి పెట్టేసింది. అత్తగారు కుర్చీలోంచి లేచారు. ఏడుస్తారేమోనని భయపడ్డాను.

"మీ మావగారు వెళ్తూ వెళ్తూ నా చేతులు కూడా పట్టుకెళ్ళేరనుకుంటోందా ఆవిడ?" అన్నారు.

పిండి గిన్నె చంకన పెట్టుకున్నారు. చెప్పులు వేసుకున్నారు. పెరటి తలుపు తీసుకుని పక్కింటికి వెళ్ళిపోయారు.

పక్కింటావిడది టర్కీ. ఎన్నో ఏళ్ళ కిందట భర్తతో వచ్చి, ఆయన పోయినా ఇక్కడే ఉండిపోయింది. అప్పటికి వాళ్ళిద్దరి స్నేహం ఫెన్స్ మీదుగా పుదీనా, టొమాటోలు అందించుకునేంతే. నేను వెనకాలే పరుగెత్తేసరికి ఆవిడ వంటింటి బల్ల మీద పొడుగాటి సన్న కర్రతో పిండి వత్తుతోంది. వాళ్ళ ఊరి వంట, బొరెక్ అంటారు. కాగితమంత పల్చటి పొరలో పాలకూర, తెల్ల చీజ్, ఉల్లిపాయ పెట్టి, తాడులా చుట్టి, ఆ తాడుని మళ్ళీ జంతికలా చుట్టి ఓవెన్‌లో కాలుస్తారు. అత్తగారు గిన్నె బల్ల మీద పెట్టి, జరిగిందంతా ఇంగ్లీషులో క్లాసు చెప్పినట్టు చెప్పారు. భర్త పోయిన ఆడదాని చేతి వంట మావాళ్ళకి శుభానికి పనికిరాదట, ఈ పిండి ఏం చెయ్యమంటావు అని అడిగారు. పక్కింటావిడ కర్ర పక్కన పెట్టి అంతా విన్నది. తిరిగి ఒక్కటే అడిగింది, చేతులు కడుక్కున్నావా అని.

అత్తగారు సింకు దగ్గరకి వెళ్ళి చేతులు కడుక్కున్నారు. నూనెలోంచి ముద్ద తీసి బల్ల మీద వేసి, అంచులు పట్టుకుని సాగదీయడం మొదలుపెట్టారు. పొర బల్లంతా పరుచుకుంది, కింది చెక్క గీతలు కూడా కనపడుతున్నాయి. పక్కింటావిడ కళ్ళజోడు సవరించుకుని చూసింది. తన అమ్మమ్మ కూడా కర్ర ముట్టేది కాదని, ఇలాగే నూనెలో నానబెట్టి చేత్తో తీసేదని, తనకి ఆ చెయ్యి రాలేదని చెప్పింది. బొబ్బట్లకని కలిపిన పిండి ఆ రోజు బొరెక్ అయింది. పచ్చగా కాలింది. పసుపు పిండి కదా.

సీమంతానికి మేం వెళ్ళలేదు. నేను బొబ్బట్లూ చెయ్యలేదు. ఎందుకు రాలేదని అడిగినవాళ్ళకి ఎందుకో చెప్పాను కూడా.

ఆ తరవాత ప్రతి శనివారం అత్తగారు పక్కింట్లోనే. ఈవిడ ఆవిడని వదినగారూ అనేవారు, ఆవిడ ఈవిడని అబ్లా అనేది, అంటే వాళ్ళ భాషలో అక్క. ఇద్దరూ ఒద్దికగా వండుకున్నారనుకోకండి, వెళ్ళిన ప్రతిసారీ పోట్లాటే. ఒకసారి అత్తగారు బంగాళాదుంప కూరకి ఇంగువ పోపు పెట్టి చుట్టలో పెడితే పక్కింటావిడ కిటికీలన్నీ తెరిచింది. ఆవిడ పైన గుడ్డు సొన రాస్తే తప్ప రంగు రాదంటుంది. ఈవిడ గుడ్డు ముట్టరు. చివరికి పెరుగు, కరిగిన వెన్న కలిపి అందులో కాస్త పసుపు వేసి రాశారు. రంగు వచ్చింది. ఆ శనివారం నుంచి పక్కింటావిడ కూడా పసుపే రాసింది. "నా చేతికి ఎవరూ పసుపు ఇవ్వక్కర్లేదు, నా డబ్బాలో బోలెడుంది" అనేవారు అత్తగారు.

మరుసటి దీపావళికి క్లబ్‌హౌస్‌లో తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్ పెట్టారు. అత్తగారు పెద్ద ట్రే నిండా బొరెక్‌లు పట్టుకొచ్చి బల్ల మధ్యలో పెట్టారు, స్వీట్లు పక్కకి జరిపి మరీ. పిల్లలు ఎగబడ్డారు. ఫోను చేసిన పెద్దావిడ వచ్చి ట్రే లోకి వంగి చూసింది. పైన నల్లటి గింజలు చల్లి ఉన్నాయి. పండగ పూట తర్పణాల నల్ల నువ్వులు చల్లుకొచ్చారేమిటని పక్కనున్నవాళ్ళతో, అందరికీ వినపడేట్టు, గొణిగింది. అవి నువ్వులు కావు, కలోంజీ. టర్కీ వాళ్ళు రొట్టెల మీద చల్లేవి. ఇద్దరు ముగ్గురు చేతుల్లో ఉన్నవి ప్లేటులో పెట్టేశారు.

"ఆకు చూడకుండా గింజ పేరు చెప్పేవాళ్ళని నేను ఫస్టియర్లోనే ఫెయిలు చేసేదాన్నండీ" అన్నారు అత్తగారు, నవ్వుతూ.

అక్కడితో ఆగితే ఆవిడ మా అత్తగారెందుకవుతారు. ఉగాదికి ట్రే మీద కలోంజీ మానేసి, నిజంగానే నల్ల నువ్వులు చల్లుకొచ్చారు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ఇవి నల్ల నువ్వులే, ఒంటికి మంచివి, తినండి అని చెబుతూ వడ్డించారు. ట్రే ఖాళీ అయింది. ఇంటికొచ్చే దారిలో కారులో మా ఆయన, ఎందుకమ్మా వాళ్ళతో అని విసుక్కుంటే, "వేడిగా ఉన్నప్పుడు పెట్టేస్తే ఎవరూ మాట్లాడరురా. చల్లారితేనే శాస్త్రాలు గుర్తొస్తాయి" అన్నారు. ఆ మాట ఇప్పుడు మా ఇంట్లో సామెత.

ఈ వేసవిలో మా అమ్మాయి వర్జీనియాలోని హెర్న్‌డన్ నుంచి ఫోను చేసి, తల్లి కాబోతున్నానని చెప్పింది. ఈ దేశంలో పుట్టిన పిల్ల, తెలుగు సగం సగం, కానీ బామ్మతో తెలుగులోనే మాట్లాడుతుంది. అత్తగారు ఫోను లాక్కుని సీమంతం ఎప్పుడో తనే నిర్ణయించారు. పెట్టేశాక నాతో, "నా మనవరాలి సీమంతంలో మొదటి పళ్ళెం నా చేతిది. ఎవరొద్దంటారో నేనూ చూస్తాను" అన్నారు. అప్పటికే గుండె బలహీనపడింది, అరగంట నిలబడితే ఆయాసం. డాక్టరు వద్దన్నాడు, కొడుకు వద్దన్నాడు. కుర్చీలో కూర్చుని, పక్కింటావిడ పిండి పొరని బల్లకి అటు చివర పట్టుకుంటే ఈవిడ ఇటు చివర పట్టుకుని, కొద్దికొద్దిగా సాగదీస్తూ చుట్టలు చుట్టారు. కాల్చకుండా ట్రేలో సర్ది పక్కింటి ఫ్రీజర్‌లో పెట్టించారు. మా ఫ్రీజర్‌లో పెడితే మేం ముందే తినేస్తామట. ఆ ట్రే నిండిన వారంలోనే ఆవిడ పోయారు.

పన్నెండో రోజు, పదమూడో రోజు అన్నీ పద్ధతిగా జరిపాం. పెళ్ళయిన మనవరాలికి ఏడాది మైల ఉండదని, సీమంతం చేసుకోవచ్చని పంతులుగారు చెప్పారు. వియ్యపురాలు ఇండియా నుంచి, తప్పకుండా చెయ్యండి, వీడియోలో చూస్తామంది. శాస్త్రం అడ్డు చెప్పలేదు, వాట్సాప్ చెప్పింది. ఇంట్లో మనిషి పోయి నెల తిరక్కుండా ఏమిటీ తొందర అని ఒకరు, పోయినావిడ చేసిన వంట కడుపుతో ఉన్న పిల్లకి పెడతారట అని ఇంకొకరు. మా ఆయనకి వేరే బాధ. ఆ ట్రేని ముట్టుకోవద్దన్నాడు. వాళ్ళమ్మ చేతి వంట ఈ లోకంలో ఇంక అదే మిగిలింది, అలాగే ఉంచేద్దామన్నాడు. కూతురు ఆయన పక్కన కూర్చుంది.

"డాడీ, బామ్మ అది ఫ్రీజర్ కోసం చెయ్యలేదు. నా కోసం చేసింది. నాకు అదే ఫస్ట్ కావాలి" అంది.

ఆయన లేచి, ఓవెన్‌ని ఎంత వేడి చెయ్యాలో పక్కింటావిడని అడిగి వస్తానని వెళ్ళాడు.

మా ఇంట్లో ఏడాది మైల కాబట్టి సీమంతం పక్కింట్లో పెట్టాం. పక్కింటావిడే పెట్టమంది. ముందురోజు మళ్ళీ ఆ పెద్దావిడ ఫోను. నీ మంచికే చెబుతున్నాను, మిగతావి ఏమైనా చేసుకోండి కానీ ఆ వంట మాత్రం పిల్ల చేత తినిపించకు అంది. ఈసారి ఆవిడకి బై చెప్పే అవకాశం ఇవ్వలేదు.

"ఆవిడ చేతులు కడుక్కునే చేశారండీ. మీరూ రండి, వేడిగా పెడతాం" అన్నాను.

ఆవిడ వచ్చింది. ఎందుకు వచ్చిందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. అందరికన్నా ముందు పక్కింటావిడ మా అమ్మాయి చేతులకి గాజులు తొడిగింది. భర్త పోయిన ఆడది, టర్కీ ఆవిడ, గాజుల గురించి ఏమీ తెలియనిది, ఒక్కటి కూడా చిట్లకుండా తొడిగింది. అప్పటికే వంటింట్లోంచి పాలకూర, వెన్న, కాలుతున్న పిండి వాసన వస్తోంది. మా ఆయన ట్రే తీసి పట్టుకొచ్చాడు. చుట్టలన్నీ పచ్చగా పొంగి ఉన్నాయి, పైన నల్ల నువ్వులు. ఏవి చల్లాలో అత్తగారే చెప్పి వెళ్ళారని పక్కింటావిడ తరవాత నాతో అంది.

మా అమ్మాయి మొదటిది తీసుకుని ఊదుకోకుండానే కొరికింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వేడికో మరి దేనికో. మిగతావాళ్ళకి నేను వడ్డించాను, ఒక్కరిని కూడా వదలకుండా. ఎవరు తిన్నారో ఎవరు ప్లేటు పక్కన పెట్టారో చూడలేదు. నేను చూస్తున్నది మా అమ్మాయినే. లోపల బిడ్డ కదిలినట్టుంది, పిల్ల ఉలిక్కిపడి చెయ్యి పొట్ట మీద వేసుకుంది. వెన్నా పసుపూ అంటిన చెయ్యి, లేత ఆకుపచ్చ పట్టుచీర మీద. నేను తడిబట్ట పట్టుకుని పరుగెత్తాను. పిల్ల నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

ఆ చీర ఇంకా ఉతకలేదు. మా ఇంట్లో బామ్మ కుర్చీ వెనక వేలాడుతోంది, పొట్ట దగ్గర అయిదు వేళ్ళ పసుపుతో.