మా బావ తవ్వించిన ఎర్తు గొయ్యి

మా అక్క కృపావతి భర్త విజయరత్నం ఉక్కు ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆయన ఉద్యోగాన్ని వదిలాడు గాని ఉద్యోగం ఆయన్ని వదల్లేదు. ఇంట్లో బల్బు మార్చాలన్నా తలకి హెల్మెట్ పెట్టుకుంటాడు. అక్క గచ్చు కడిగితే ఆరేదాకా గుమ్మంలో "జారును, జాగ్రత్త" అని బోర్డు నిలబెడతాడు. నా పెళ్లిలో వంటపొయ్యిల పక్కన ఇసక బకెట్లు పెట్టించింది చాలక, చర్చి అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టే ముందు మైకు లాక్కుని, పందిరికి నిప్పంటుకుంటే మగపెళ్లివారు ఎటు పరిగెత్తాలో, ఆడపెళ్లివారు ఎటు పరిగెత్తాలో చెప్పాడు. మా అత్తారి వైపు ముసలాళ్లు ఇప్పటికీ నన్ను చూస్తే ఆ సంగతే తీస్తారు. నాకు ఆయనంటే ఒళ్లుమంట. ఆయన చెప్పేదాంట్లో తప్పు దొరకదు, అందుకు ఇంకా మంట.

అలాంటి మనిషికి తన ఇంట్లో ఫ్రిజ్ షాకు కొడుతుందని రిటైరయ్యేదాకా తెలియదు. తెలిసే దారీ లేదు. కంచంలోకి కూర, చేతిలోకి చన్నీళ్లు వాటంతటవే వచ్చే మహారాజుకి ఫ్రిజ్ తలుపుతో పనేముంది? రిటైరైన మర్నాడు మధ్యాహ్నం అక్క మేడమీద వడియాలు పెడుతోంది. ఈయనకి దాహమేసింది. తనే లేచి వెళ్లి, ఉత్తికాళ్లతో, తడిచేత్తో ఫ్రిజ్ తలుపు పట్టుకున్నాడు. నేను హాల్లోనే ఉన్నాను. ప్రభువు పేరు ఆయన అంత గట్టిగా పలకడం చర్చిలో కూడా వినలేదు.

అక్క కంగారేమీ పడలేదు. చెప్పులు వేసుకుని తువ్వాలుతో పట్టుకుని తియ్యాలని, ఆ రెండూ ఫ్రిజ్ పక్కనే ఉంటాయని చూపించి, నీళ్లు పోసిచ్చింది.

"ఎప్పట్నుంచి కృపా ఇది?" అన్నాడు బావ కింద కూలబడినచోటే.

"కొన్న కాడ్నించీ."

"మరి నాకు సెప్పలేదేటి?"

అక్క పిండి ఆరిపోతోందంటూ మేడమీదకి వెళ్లిపోయింది. వేలమంది కార్మికులని కాపాడినందుకు ముందురోజే ఆయనకి శాలువా కప్పి ఒక జ్ఞాపిక ఇచ్చారు. బల్ల మీదున్న ఆ జ్ఞాపికని బావ గోడవైపు తిప్పి పెట్టేశాడు.

వారం తిరక్కుండా ఇంటికి రెండు తలుపుల ఫ్రిజ్ వచ్చింది. ఒకవైపు ఫ్రిజ్, ఒకవైపు ఫ్రీజర్, నేనూ అందులో ఒక పక్కన సర్దుకోవచ్చు, అంత పెద్దది. పాతదాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చే ముందు బావ స్క్రూడ్రైవర్ పట్టుకుని దాని తలుపు ఊడదీశాడు. వీధిలో పిల్లలు ఆడుకుంటూ లోపల దూరి తలుపేసుకుంటే గాలాడక చచ్చిపోతారన్నాడు. తలుపు లేని ఫ్రిజ్ చూసి బేరం తగ్గించాడు ఆ పాత సామాన్లవాడు. బావ వాడికి కూడా అరగంట క్లాసు పీకాడు.

కొత్తదాన్ని ఆటోలో పడుకోబెట్టి తెచ్చారని తెలిసి, కంప్రెసర్‌లో నూనె కిందకి దిగాలంటూ రాత్రంతా నిలబెట్టి ఉంచాడు. వెనక గాలి ఆడాలని గోడకి జానెడు దూరం జరిపించాడు. మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి నాలుగు కాళ్లూ సరిచేశాడు. చుట్టూ నేల మీద పసుపు రంగు గీత గీసి, పని లేనివాళ్లు గీత దాటకూడదన్నాడు. దాటింది నేనొక్కణ్ణే, కొత్త ఫ్రిజ్ ఎలా ఉందో చూద్దామని. నాకూ పడింది క్లాసు.

చివరికి ప్లగ్గు పెట్టే ముందు సాకెట్టు విప్పి చూశాడు. కారిన కరెంటుని భూమిలోకి పంపే ఎర్తు కోసం ఉండాల్సిన ఆకుపచ్చ వైరు గోడలో ఒక మేకుకి చుట్టి ఉంది. ఆ మేకు అవతల ఏమీ లేదు. ఇంటికి వైరింగ్ చేసినవాడు అప్పటికే కాలం చేశాడు గనక బావ చేతిలో బతికిపోయాడు.

దాంతో సొంతంగా ఎర్తు గొయ్యి తియ్యాలని నిర్ణయమైంది. మా వడ్లపూడిలో ఆయన ఇంటి పెరడంతా రాయి. మట్టి ఉన్నది గేటు పక్కన, వీధిలో పోయేవాళ్లందరికీ కనబడేచోట. తవ్వింది నేను, నిలబడి చెప్పింది ఆయన. లోపల పైపు దింపి, ఒక వరస బొగ్గు, ఒక వరస రాళ్లుప్పు నింపి, పైన చిన్న సిమెంటు గట్టు కట్టి, నీళ్లు పోయడానికి నడుమ కన్నం ఉంచాం. ఆటోనగర్ నుంచి ఎల్లారావనే ఎలక్ట్రీషియన్ మీటరు తెచ్చి చూశాడు. భూమి కరెంటుని ఎంత అడ్డుకుంటోందో చెప్పే రీడింగ్ ఐదు ఓములు చూపించింది, అది ఎంత తగ్గితే అంత మంచిది. ఇంటికి అది చాలని, స్విచ్చి వేసెయ్యమని చెప్పాడు. ప్లాంటులో ఒకటి ఉండాలి, ఇంట్లో కూడా ఒకటే ఉండాలన్నాడు బావ. ఎండాకాలం నేల బిగదీసుకుపోయింది, రోజూ నీళ్లు పోస్తే తగ్గుతుందని చెప్పి ఎల్లారావు వెళ్లిపోయాడు. రీడింగ్ ఒకటికి దిగేదాకా స్విచ్చి వెయ్యనని, కృప చేత కరెంటున్న ఫ్రిజ్ ముట్టించనని బావ మా అందరి ముందూ చెప్పాడు.

మే నెలలో ఇంట్లో ఫ్రిజ్ లేదు. పాతది పోయింది, కొత్తది బొమ్మలా నిలబడింది. అక్క అందులో కందిపప్పు, బట్టల సోపులు సర్దుకుంది. పెరుగూ చేపలపులుసూ గిన్నెల్లో పెట్టుకుని ఎదురింటి సన్యాసమ్మ ఫ్రిజ్‌లో దాచుకోవడానికి రోడ్డు దాటేది.

బావ తెల్లారగట్లే లేచి హెల్మెట్, గమ్ బూట్లు, చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని బిందెతో గోతిలో నీళ్లు పోసేవాడు. పోసి, వంగి కన్నానికి చెవి ఆనించి, నీళ్లు ఇంకుతున్న చప్పుడు వినేవాడు. ఎదుటి అరుగు మీద కూర్చుని ఇడ్లీలు అమ్ముకునే సన్యాసమ్మ కొన్నాళ్లు చూసి, ఉండబట్టలేక అడిగింది. బావ ఉన్నదున్నట్టు అరగంట సేపు చెప్పాడు. ఆవిడకి అందులో ఎక్కింది ఒక్కటే. ఇక్కడ నీళ్లు పోసి చల్లగా ఉంచితే ఇంట్లో ఆడమనిషికి గండం ఉండదు. మా ఊళ్లో అమ్మవారికి బిందెలతో నీళ్లు పోసి చల్లబరచడం ఎప్పట్నుంచో ఉన్నదే. ఆవిడ అర్థం చేసుకున్నది పూర్తిగా తప్పని నేనూ అనలేను.

మర్నాడు గట్టుకి పసుపు పూసి ఉంది. బావ తుడిచేశాడు. ఆ మర్నాడు పసుపుతోపాటు కుంకుమ, వేపమండలు కూడా ఉన్నాయి. మళ్లీ తుడిచాడు. ఆదివారం మేం చర్చికి వెళ్లొచ్చేసరికి వీధిలో ఆడవాళ్లందరూ బిందెలతో వరసలో నిలబడ్డారు. ఒకావిడ కొడుక్కి జ్వరం, ఇంకొకావిడ మొగుడిది కాంట్రాక్టు ఉద్యోగం, అది పర్మినెంటు కావాలి. బావ ఉప్పు వెయ్యడం చూశారు గనక ఉప్పు ప్యాకెట్లు కూడా తెచ్చారు. తల్లికి ఉప్పులమ్మ అని పేరు కూడా పెట్టేశారు. బావ గేటు దగ్గర నిలబడి గొంతు పోయేలా అరిచాడు. ఆ సాయంత్రం ఎల్లారావు వచ్చి మీటరు పెడితే రీడింగ్ మూడుకి దిగింది.

బావ మనసు ఒప్పలేదు గాని రీడింగ్ ఒప్పింది. రాత్రి కూర్చుని ఒక బోర్డు రాశాడు. నీళ్లు, ఉప్పు, బొగ్గు మాత్రమే వెయ్యాలి. పాలు, నూనె, కొబ్బరికాయలు నిషేధం. హెల్మెట్, చెప్పులు లేనివారికి ప్రవేశం లేదు. ఈ దెబ్బతో సగం మంది పోతారని నాతో అన్నాడు.

తెల్లారి చూస్తే తలంటుకున్న జుట్టు మీద మొగుళ్ల ప్లాంటు హెల్మెట్లు పెట్టుకుని ఆడవాళ్లు బారులు తీరి ఉన్నారు. హెల్మెట్లు దొరకనివాళ్లు మోటార్ సైకిల్ హెల్మెట్లు తెచ్చుకున్నారు. నీళ్లు పోసేటప్పుడు అద్దం పైకెత్తి దణ్ణం పెట్టుకుని మళ్లీ దించుకుంటున్నారు. చెప్పులు విడవక్కర్లేని అమ్మవారు చుట్టుపక్కల ఇదొక్కతే అని పేరొచ్చి, కాళ్ల పగుళ్లవాళ్లు గాజువాక నుంచి ఆటోలు కట్టించుకుని వచ్చారు. బావ ప్లాంటులో షిఫ్టు మొదట్లో చెప్పినట్టే రోజూ వాళ్లకి జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టాడు. గ్యాసు పైపు ఎప్పుడు మార్చాలో చెబితే దణ్ణం పెట్టేవారు. ప్లాంటులో ఆయన మాటలకి ఆవలించినవాళ్ల పెళ్లాలే వీళ్లంతా. నిజం చెప్పాలంటే ఆయనకి బాగానే ఉంది.

సంఘానికి మాత్రం బాగాలేదు. బావ మా చర్చిలో పెద్ద. ప్రభుభోజనం నాడు గిన్నె అందించే మనిషి. అలాంటివాడు ఇంటి ముందు అమ్మవారికి నీళ్లు పోయిస్తున్నాడని తెలిసి అయ్యగారూ మిగతా పెద్దలూ కూర్చోబెట్టి అడిగారు. ఇంకా రెండు పాయింట్లు తగ్గాలి, తగ్గాక ఎవర్నీ రానివ్వను అన్నాడు బావ. ఆయనకి మతి చలించిందనుకున్నారు పాపం. వచ్చే ఆదివారానికి గొయ్యి పూడ్చెయ్యాలి, లేదా పెద్దరికం వదులుకోవాలి అని తేల్చారు.

ఇంటికొచ్చాక నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. ఎల్లారావు చాలన్నాక ఈ ఒకటి పట్టుదల ఎందుకని, ఊరంతా నవ్వుతోందని, అక్క మొహం చూడమని నోటికొచ్చినట్టు అన్నాను. ఆయన ఎదురు అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"ఒరే రిచర్డూ, ప్లాంటులో ఎవడికి షాకు తగిలినా నాను ఎంక్వైరీ సేసి ఫైలు రాసీవోణ్ణి. మీ అక్కకి ఇన్నేళ్లు తగిల్తే ఎవడు రాసాడ్రా? ఇప్పుడు అరకొరగా ఆన్ సేసీసి, ముట్టుకోయే అని దానికి ఏ మొకంతో సెప్పను?"

ఆయన్ని ఏళ్ల తరబడి ఆడిపోసుకున్నందుకు నాకు సిగ్గేసింది.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం మళ్లీ కూర్చుంది. బావ ఒక అట్ట మీద గొయ్యి బొమ్మ గీసుకొచ్చి వివరించాడు. అయ్యగారు ఓపిగ్గా విని, ఇదంతా సరే గాని గొయ్యి పూడుస్తారా లేదా అన్నారు. పూడ్చను, పెద్దరికం తీసుకోండి అన్నాడు బావ. ఆ పెద్దరికం అంటే ఆయనకి ప్రాణం.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి మా అక్క లేచింది. ఆ సంఘంలో పాట పాడడానికి తప్ప ఆవిడ ఎప్పుడూ లేవలేదు. మగవాళ్ల వంక చూడనే లేదు. ఆడవాళ్ల వైపు తిరిగి, "మీ ఇళ్లల్లో ఫ్రిజ్ తలుపు ఎలాగ తీత్తారు?" అని అడిగింది.

చెప్పులేసుకుని అని ఒకావిడ అంది. పీట మీద నిలబడి అని ఇంకొకావిడ అంది. కొంగు చుట్టుకుని అని ఇద్దరు ముగ్గురు ఒకేసారి అన్నారు. ఆఖర్న అయ్యగారి భార్య, తలొంచుకుని, చెక్క గరిటెతో తీస్తాను అంది.

అయ్యగారు అటు తిరిగారు. "నాకు సెప్పలేదేం?" అన్నారు. ఆ మాటకి ఆడవాళ్లంతా నవ్వారు. మగవాళ్లలో ఒక్కడూ నవ్వలేదు. ప్రతివాడూ తన ఇంట్లో ఎలా తీస్తారో అని తన భార్య వైపే చూస్తున్నాడు. పెద్దరికం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. గొయ్యి ఎంత లోతు తియ్యాలని అయ్యగారు బావనే అడిగారు. ఆ వేసవిలో మా సంఘంలో వాళ్లకి, ఎదురింటి సన్యాసమ్మకి గోతులు తవ్వింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. నా అరచేతులు చూస్తే తెలుస్తుంది.

జూన్‌లో మొదటి వాన రెండ్రోజులు కొట్టింది. మూడోనాడు ఎల్లారావు వచ్చి మీటరు పెట్టి, ఒకటికి లోపే ఉంది సార్ అన్నాడు. బావ నమ్మక మళ్లీ పెట్టించాడు. మూడోసారి కూడా పెట్టించాడు. నేను ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాను. ఫ్రిజ్ చిన్నగా మూలిగి, లోపల దీపం వెలిగింది. బావ పసుపు గీత అవతలే గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. షాకు తిన్న రోజు నుంచి ఆయన కరెంటున్న ఏ ఫ్రిజ్‌నీ ముట్టుకోలేదని నాకు అప్పుడే తట్టింది.

అక్క చెప్పులు విడిచింది. తడిచెయ్యి తుడుచుకోకుండానే తలుపు మీద పూర్తిగా ఆనించింది.

"ఏటైనా ఉందా?" అన్నాడు బావ.

"ఏటీ లేదండి."

ఆయన అక్కడే నేల మీద కూలబడ్డాడు. "ఇప్పుడైనా సెప్పు కృపా. ఇన్నేళ్లూ నాకెందుకు సెప్పలేదు?"

అక్క చెయ్యి తియ్యలేదు.

"సేఫ్టీ ఆఫీసరు ఇంట్లోనే షాకు కొడతాదని ప్లాంటులో తెలిత్తే మీ మాట ఎవరు ఇంటారండి? మీరు సెప్పింది ఇనకపోతే ఎవరింట్లో మనిషి ఎవరికి దక్కకుండా పోతాడో అని, నానే ఊరుకున్నాను."

బావ పైకే ఏడ్చాడు. ఎల్లారావు మీటరు సర్దుకుంటున్నట్టు అటు తిరిగాడు. నాకూ కళ్లు నిండాయి. అక్క ఆయన్ని ఓదార్చలేదు. రెండో చేత్తో తన పక్కన కాస్త చోటు చూపించి, మీరూ వచ్చి ముట్టుకోండి, ఏమీ అవదు అంది. బావ లేచి, గీత దాటి వచ్చి, అక్క చేతి పక్కన తన చెయ్యి పెట్టాడు.